విల్లు వంగుతూనే ఉంది

కాకినాడలో ఇంగ్లీషు సరిగ్గా వచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారని ఎవరైనా అడిగితే హైమవతి కాసేపు న్యాయంగా ఆలోచించి, "ఒకరున్నారు" అనేది. ఆ ఒక్కరూ ఎవరో చెప్పడానికి ఆమెకేమీ మొహమాటం లేదు. అడగడానికే అవతలివాళ్ళకు ధైర్యం చాలేది కాదు. ఆడపిల్లల కాలేజీలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. ఆ ముప్పై ఏళ్ళలో ఊరి మీద పేరుకున్న చులకనంతా ఒక్క వాక్యంలో ఇమిడిపోయింది. "ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్."

"అన్నదమ్ములుండటం ఒక పనా? పెసరట్టు తినడంలాంటిదా, మధ్యలో ఉన్నానని చెప్పుకోవడానికి?" అని అడిగేది. "ఐకి యామ్. ఒక్కరికి ఈజ్. పదిమందికి ఆర్. వెనకాల క్రియ, దాని తోకకి ఇంగ్. మేక్ చివర ఈ తీసెయ్యాలి, రన్‌కి ఇంకో ఎన్ తగిలించాలి. ఇప్పుడు, ఈ క్షణాన, కళ్ళముందు జరుగుతున్న పనికే వాడాలి. లేదా టిక్కెట్టు కొని జేబులో పెట్టుకున్న ప్రయాణానికి వాడాలి. ఇంతే. ఈపాటి దానికి మీకు ఒక జన్మ చాలదా?"

చాలదనే ఊరు చెబుతూ వచ్చింది.

అందుకే చిట్టూరి వీర్రాజు వచ్చి, మనుషుల బుర్రలోకి ఇంగ్లీషు నేరుగా ఎక్కించే యంత్రం చేయిస్తున్నానని చెప్పినప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. వీర్రాజు రొయ్యల మేతలో బాగుపడ్డ మనిషి. ఎక్కడో విదేశీ కొనుగోలుదారుల విందులో నోరు పెగలక, రొయ్యలాగే ముడుచుకుని కూర్చున్నాడట. ఆ అవమానంతో సర్పవరం రోడ్డు మీద మూడంతస్తుల మేడ కట్టి దానికి 'వాగ్ధార ప్రయోగశాల' అని బోర్డు పెట్టాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందన్న సామెత హైమవతి అతని ముందే అంది. అతనికి కోపం రాలేదు.

"ఆయ్, ఎగిరేద్దామండి మేడం గారూ. మీరు మాత్రం కూడా ఉండాలండి. వాక్యాలు మీయి, మిషను మాది" అన్నాడు.

వాక్యాలు తనవి అన్న మాటకు ఆమె లొంగింది. పొగడ్తకు లొంగానని మాత్రం ఒప్పుకోలేదు, ఈ మూర్ఖుల్ని ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి కదా అని సర్దిచెప్పుకుంది.

యంత్రం అంటే పెద్ద హంగామా ఏమీ కాదు. చెవి వెనక అంటించే చిన్న బిళ్ళ, పసిపిల్లకు పెట్టిన దిష్టిచుక్కలా ఉండేది. దానికి 'ధార' అని పేరు. చేసినవాడు ఇమ్మానుయేలు అనే మెదడు డాక్టరు. తలెత్తి మాట్లాడటం తెలియదు, తన చొక్కా గుండీలకే అన్నీ చెప్పుకునేవాడు. అతను రాసిన మొదటి రిపోర్టును హైమవతి ఎర్ర సిరాతో దిద్ది అందరిముందూ చేతిలో పెట్టింది. ఆనాటి నుంచి అతనికి ఆమెను చూస్తే బడిలో చేరినట్టుండేది.

మొదటి పరీక్షకు బట్టల కొట్టు సూర్రావును కూర్చోబెట్టారు. చేతికి మంచినీళ్ళ గ్లాసిచ్చి, తాగుతూ ఏం చేస్తున్నాడో ఇంగ్లీషులో చెప్పమన్నారు. సూర్రావు గటగటా తాగాడు, గ్లాసు పెట్టాడు, మూతి తుడుచుకున్నాడు, పైకి చూశాడు, అప్పుడు "ఐ యామ్ డ్రింక్... డ్రింకింగ్ వాటర్" అన్నాడు.

"తాగేశావు నాయనా. గ్లాసు బోర్లించి డ్రింకింగ్ అంటావేం? పెళ్ళయ్యాక లగ్నం పెట్టించినట్టు" అంది హైమవతి.

ఇమ్మానుయేలు బిళ్ళ అంటించి ఫోన్‌లో ఏదో నొక్కాడు. సూర్రావు మళ్ళీ తాగాడు. గ్లాసు ఖాళీ అయింది, బల్ల మీదకు చేరింది. కానీ అతని గొంతు ఇంకా మింగుతూనే ఉంది. కళ్ళు అరమోడ్పుగా, చల్లటి నీళ్ళు ఇంకా దిగుతున్నట్టే ఉన్నాయి. ఆ తీరుబడిలో వాక్యం దానంతటదే పైకి తేలింది. "ఐ యామ్ డ్రింకింగ్ వాటర్." ఎక్కడా తడబడకుండా వచ్చింది. బిళ్ళ తీసిన కొంతసేపటికి గ్లాసు వంక చూసి, "అరె, అయిపోయిందే" అన్నాడు సూర్రావు.

"ఏ పనైనా ముగియగానే బుర్రలో చిన్న గంట కొడుతుందండి, అయిపోయిందని" ఇమ్మానుయేలు గుండీలతో చెప్పాడు. "వీళ్ళు వాక్యం కూర్చుకునేలోగా ఆ గంట కొట్టేస్తోందండి. అందుకని గంట నాలుకకి కొంచెం గుడ్డ చుట్టానండి. పని ముగిసినా మనిషికి ముగిసినట్టుండదు. వాక్యానికి టైం దొరుకుతుందండి."

"నత్త ఇల్లు చేరేదాకా సూర్యుణ్ణి ఆపారన్నమాట" అంది హైమవతి. మనసులో మాత్రం మెచ్చుకుంది. ముప్పై ఏళ్ళలో తన నోటికి సాధ్యం కానిది ఒక బిళ్ళకు సాధ్యమైంది. ఆ కుళ్ళు కూడా కొంచెం ఉంది.

హైమవతికి ఒక చెల్లెలుంది, పేరు అరుంధతి. రామారావుపేటలో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. హైమవతి భర్త పోయాడు, అరుంధతి పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళ తండ్రి సీతాపతి దాసుగారు హరికథకుడు. రెండేళ్ళ కిందట ఆ ఇంటి వెనక గదిలోనే, ఒక చలికాలమంతా దగ్గి దగ్గి పోయాడు. ఆయన గజ్జెలూ చిడతలూ అరుంధతికి వచ్చాయి. హైమవతికి ఆయన కంఠం వచ్చింది గానీ ఆమె దాన్ని క్లాసులో పిల్లల మీద అరవడానికి తప్ప వాడలేదు. చిన్నప్పుడు తండ్రి పక్కన నిలబడి చివర మంగళం పాడేది. కాన్వెంటులో ఎవత్తో "మీ నాన్న గెంతుతాడటగా" అని నవ్వాక మానేసింది. ఆ నవ్వినదాన్ని వదిలేసి, తండ్రినే చిన్నచూపు చూడటం మొదలుపెట్టింది.

చెల్లెలి విద్య మీదా అదే చూపు. "పట్టుచీర కట్టుకుని, నడుముకి ఉత్తరీయం బిగించి, ఎగురుతూ రామాయణం. ఏం, కూర్చుని చెబితే రాముడికి పెళ్ళి కాదా?"

"కూర్చుంటే నిద్రొస్తుందక్కా, నాకూ వాళ్ళకీ" అనేది అరుంధతి. ఆమెకు కోపం తెలియదు. కథ మొదలుపెట్టాక మంగళం పాడకుండా ఆపకూడదని, వినేవాళ్ళు మంగళం దాకా లేవకూడదని తండ్రి చెప్పిన రెండు కట్టుబాట్లూ తెలుసు. పిఠాపురంలో ఒకసారి గాలివాన వచ్చి పందిరి కూలుతుంటే, దాసుగారు ఒక చేత్తో రాట పట్టుకుని, రెండో చేత్తో హారతి పళ్ళెం పట్టుకుని మంగళం ముగించాకే జనాన్ని పొమ్మన్నాడట. ఆ సంగతి అరుంధతి వెయ్యిసార్లు చెప్పింది, హైమవతి వెయ్యిసార్లు పెదవి విరిచింది.

మారిషస్‌లోని ఒక తెలుగు సంఘం నుంచి అరుంధతికి పిలుపొచ్చింది. అక్కడి పిల్లలకు తెలుగు రాదు, సీతా కల్యాణం ఇంగ్లీషులో చెప్పగలరా అని అడిగారు. సంఘం పెద్దలు ముందు కాకినాడ వచ్చి ఒక కథ విని, నచ్చితే తీసుకెళ్తారట.

"నాన్న కథ సముద్రం దాటుతుందక్కా" అంది అరుంధతి. పళ్ళెంలో అన్నం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆమె జీవితంలో తన కోసమని ఏదైనా కోరుకోవడం హైమవతి అదే మొదలు చూడటం.

"చెప్పు చూద్దాం, ఒక ముక్క ఇంగ్లీషులో."

అరుంధతి లేచి నిలబడింది, గొంతు సవరించుకుంది. "రామా ఈజ్ హేవింగ్ బో."

హైమవతి మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది. ఊరంతా అనే వాక్యం తన వంటింట్లో, తన తోడబుట్టినదాని నోట విన్నది. ఈ వాక్యంతో మా ఇంటి పేరు సముద్రం దాటుతుందా అని ఆమె గుండె మండింది. చెల్లెలికి నేర్పిద్దామని ఒక్క క్షణం అనుకుంది, కూర్చుని ఓపిగ్గా నేర్పడం ఎప్పుడో మర్చిపోయింది కనుక మర్నాడే వాగ్ధారకు తీసుకెళ్ళింది.

వీర్రాజు మహదానందపడ్డాడు. "ఇంగ్లీషు హరికథండి. మన మిషనుతో. ఇంక అడ్వర్టైజుమెంటు ఎందుకండీ? అవునుగానీ మేడం గారూ, ఈ కథలో రాముడికి సీత ఏమవుద్దండీ, పెళ్ళికి ముందు?"

రామాయణమంతా విని అడిగేవాళ్ళను చూసింది గానీ, వినకుండానే అడిగేవాణ్ణి హైమవతి అప్పుడే చూసింది.

ఇమ్మానుయేలు పెట్టిన షరతులు రెండు. బిళ్ళ రోజుకు అరగంటకు మించి ఉంచకూడదు, మోతాదు మొదటి మెట్టు దాటకూడదు. అరుంధతి బుద్ధిగా నేర్చుకుంది. మిగతావాళ్ళకు నీళ్ళు తాగడం, తలుపు తియ్యడం వాక్యాలైతే, ఆమెకు మిథిలా నగరమే వాక్యమైంది. ఎప్పుడో జరిగిన కథను కళ్ళముందు జరుగుతున్నట్టు చెప్పడమే ఆమె వృత్తి, ఈ వర్తమాన కాలం ఆమెకు పుట్టింటిలా ఉంది. "సీతా ఈజ్ స్టాండింగ్ ఎట్ ద విండో. షీ ఈజ్ లుకింగ్ ఎట్ హిమ్." చిడతలు పట్టుకుని ఆమె చెబుతుంటే లాబులో టీ ఇచ్చేవాడు కూడా కిటికీ వైపు తిరిగి చూసేవాడు. అయినా పదింటికొకసారి "ఈజ్ హేవింగ్" దొర్లేది. హైమవతి చెవిలో అది అన్నంలో రాయిలా తగిలేది.

"ఇంకో మెట్టు పెంచండి" అంది ఇమ్మానుయేలుతో.

"కూడదండి. ఈవిడ అందరిలాంటి మనిషి కాదండి. మనం పని చేస్తూ దాన్ని చూస్తాం. ఈవిడ కథలోకే వెళ్ళిపోతారండి. లోపలున్నప్పుడు గంటకి ఇంకో చుట్టు చుడితే..."

"చుడితే?"

"తెలీదండి."

"తెలియనప్పుడు డాక్టరని ఎందుకు పెట్టుకున్నారు? మీ రిపోర్టులో ఈజ్‌కి ఆర్‌కి తేడా తెలియదు, ఇది తెలియదు. పై వారం వచ్చేవాళ్ళ ముందు మా చెల్లెలు హేవింగ్ అంటే నవ్వేది మిమ్మల్ని కాదు, మమ్మల్ని. పెంచండి."

అతను తన గుండీలను ఒకసారి చూసుకున్నాడు. పెంచాడు. పెద్ద చదువులు చదివినవాడు ఒక రిటైర్డు పంతులమ్మ ఎర్ర సిరాకు భయపడి చేసిన పని అది. అరుంధతి కూడా సరేనంది. అక్క సంతోషిస్తుందని, సాధనకు బాగుంటుందని, బిళ్ళ ఇంటికి తీసుకెళ్ళి పొద్దస్తమానం పెట్టుకుంది.

హేవింగ్ పోయింది. హైమవతి విజయగర్వంతో తిరిగింది.

తేడాలు కనపడకపోలేదు. అరుంధతి కంచం కడగడం మొదలుపెడితే కుళాయి కింద దాన్ని తిప్పుతూనే ఉండేది. "ఐ యామ్ వాషింగ్ ద ప్లేట్" అనేది, మెరిసిపోతున్న కంచాన్ని చూస్తూ. అన్నం మూడోసారి వడ్డించుకుని "ఐ యామ్ ఈటింగ్" అనేది. జడ అల్లుకుంటూ చివర రిబ్బను కట్టేదాకా ఎప్పటికీ వచ్చేది కాదు. ఇంట్లోంచి కదిలేటప్పుడు "వెళ్ళొస్తా అక్కా" అనడం ఆమెకు పుట్టుకతో ఉన్న అలవాటు, వెళ్తున్నాను అని ఉత్తినే అనకూడదని తండ్రి కసిరేవాడు. ఇప్పుడు గడపలో నిలబడి "ఐ యామ్ గోయింగ్" అనేది, పోయేది కాదు, అక్కడే నిలబడేది. హైమవతి ఇవన్నీ చూసింది. పల్లెటూరి బుద్ధి, ఏది నేర్చినా మోతాదు తెలియదు అనుకుంది.

పెద్దలు వచ్చే ముందురోజు సాయంత్రం హైమవతి కాఫీ కలుపుతుండగా, వెనక గది గుమ్మంలో అరుంధతి నిలబడి ఉంది. లోపల దాసుగారి ఖాళీ మంచం, మడత పెట్టిన దుప్పటి.

"నాన్న ఈజ్ కాఫింగ్" అంది అరుంధతి ప్రశాంతంగా. "అక్కా, నాన్న ఈజ్ కాఫింగ్."

హైమవతి వాక్యంలో తప్పు కోసం వెతికింది. దొరకలేదు. అప్పుడు భయపడింది. చెల్లెలి చెవి వెనక నుంచి బిళ్ళ పీకేసి, ఆటో ఎక్కించి, వాగ్ధారకు లాక్కుపోయింది.

ఇమ్మానుయేలు చాలాసేపు పరీక్షలు చేశాడు. "గుడ్డ తీసేశామండి. గంట మళ్ళీ కొట్టాలండి. సూర్రావుగారికి కొట్టింది, అందరికీ కొట్టింది" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు కూడా అతను ఆమె ముఖం చూడలేదు.

"రేపటి కథ మానేద్దాం" అంది హైమవతి.

"అదేంటండీ, హాలు పెట్టేశాం, పెద్దమనుషులు ఫ్లైట్ ఎక్కేశారండి" అన్నాడు వీర్రాజు. "చెల్లెమ్మ గారిని అడగండి."

అరుంధతి కళ్ళు వెలిగాయి. "ఐ యామ్ టెల్లింగ్ ద స్టోరీ టుమారో" అంది. రేపటికి ఏర్పాటైన పనికి ఆ కాలం వాడవచ్చని నేర్పినది హైమవతే. తప్పు పట్టడానికి ఆ వాక్యంలో ఏమీ దొరక్క, ఆమె కథకు ఒప్పుకుంది.

మర్నాడు మధ్యాహ్నం హాలు నిండింది. ముందు వరసలో మారిషస్ పెద్దలు, వాళ్ళ పక్కన పూలదండంత వెడల్పు నవ్వుతో వీర్రాజు. ఇంగ్లీషు ముక్క రాకపోయినా, దాసుగారమ్మాయి కథ కదా అని వచ్చిన ముసలమ్మలు వెనక వరసల్లో ఉన్నారు. వేదిక మీద మృదంగం కోదండం, ముప్పై ఏళ్ళు దాసుగారికి వాయించిన మనిషి. అరుంధతి గజ్జెలు కళ్ళకద్దుకుని కట్టుకుంది. చెవి వెనక బిళ్ళ లేదు.

కథ అద్భుతంగా సాగింది. ఆ మాట హైమవతే ఒప్పుకుంది, అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. విశ్వామిత్రుడు నడుస్తున్నాడు, వెనక అన్నదమ్ములు నడుస్తున్నారు, మిథిల వీధుల్లో పూలు రాలుతున్నాయి. ఒక్క ఈజ్ తప్పలేదు, ఒక్క ఆర్ జారలేదు. మారిషస్ పెద్దాయన చేతిలో ఫోను జారి ఒళ్ళో పడినా తీసుకోలేదు. ముసలమ్మలకు భాష తెలియకపోయినా, ఏ ఘట్టంలో ఉన్నారో అరుంధతి కాలు పడే తీరును బట్టి తెలుస్తోంది.

శివధనుస్సు వచ్చింది. "రామా ఈజ్ లిఫ్టింగ్ ద బో" అంటూ అరుంధతి ఎడమచెయ్యి ఎత్తింది. "హీ ఈజ్ పుల్లింగ్ ద స్ట్రింగ్. ద బో ఈజ్ బెండింగ్."

ఇక్కడ మృదంగం మీద ఒక్క పెద్ద దెబ్బ పడాలి. విల్లు విరిగిన చప్పుడది. తరువాత కల్యాణం, మంగళం, హారతి. కోదండం కొట్టాడు. హాలు ఉలిక్కిపడింది, ముసలమ్మలు చేతులు జోడించారు.

"ద బో ఈజ్ బెండింగ్" అంది అరుంధతి.

కోదండం మళ్ళీ కొట్టాడు, ఈసారి అరచెయ్యి కందేలా.

"ఇట్ ఈజ్ బెండింగ్. ఇట్ ఈజ్ బెండింగ్." గజ్జెలు ఆ ఒక్క నడకలోనే తిరుగుతున్నాయి. చెయ్యి ఎత్తే ఉంది. మొదట ఎవరో చప్పట్లు కొట్టారు. వీర్రాజు వెనక్కి తిరిగి, "సస్పెన్సండి, సస్పెన్సు" అని గుసగుసలాడాడు. చప్పట్లు ఆగాయి. ఎండ కిటికీల్లోంచి దిగి గోడ మీదికి వెళ్ళింది. మారిషస్ పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోదండం చేతులు ఒళ్ళో పెట్టేసుకుని, "ఆడలేక మద్దెల ఓడంటారు గానీ, ఇది అది కాదమ్మా" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. అతని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

వీర్రాజు మెల్లగా లేచి హైమవతి దగ్గరకొచ్చాడు. "తెర దించేద్దామాండీ?"

"మంగళం పాడకుండా తెర దించుతావా నాయనా?" అంది వెనక వరసలోంచి ఒక ముసలమ్మ. "మేం లేవం. ఆ పిల్లని అలా వదిలేసి లేవకూడదు." ఆ వరసంతా కదలకుండా కూర్చుంది.

అరుంధతి పెదవులు ఎండిపోయాయి. ఎత్తిన చెయ్యి వణుకుతోంది, భుజం జారుతోంది, అయినా దించడం ఆమెకు తెలియడం లేదు. కింది వరకూ దిగని ఆ చెయ్యిని చూస్తూ హైమవతి, తాను పెంచమన్న మెట్టును చూసింది. ఊరందరి ఇంగ్లీషునూ వెక్కిరించినదానికి, చెల్లెల్ని కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు నేర్పడానికి మాత్రం చేతకాలేదు. తన మీద తనకు పుట్టిన రోత, ఇన్నాళ్ళూ ఊరి మీద ఉన్నదాని కంటే పెద్దదిగా ఉంది.

చెప్పులు విడిచి వేదిక ఎక్కింది. "అరూ, ఆపు" అంది. "స్టాప్" అంది. అరుంధతి ఆమెను దాటి ఆ వంగుతున్న విల్లునే చూస్తోంది. మంగళం పాడబోయి హైమవతి ఆగింది. విల్లు విరగకుండా మంగళం ఏమిటి? దాసుగారుంటే చిడత విసిరి కొట్టేవాడు.

ఆమె చెల్లెలి ఎత్తిన చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది. తండ్రి గొంతుతో, చిన్నప్పుడే మంగళంతోపాటు వదిలేసిన గొంతుతో, చివరి వరసకు వినబడేలా తెలుగులో చెప్పింది. "విల్లు విరిగింది."

కోదండం కొట్టాడు.

గజ్జెలు ఆగాయి. అరుంధతి చెయ్యి మెల్లగా దిగింది. చుట్టూ చూసి, అక్క ముఖం గుర్తుపట్టి, "విరిగిందా అక్కా?" అని అడిగింది.

"విరిగిందమ్మా. సీత దండ వేసేసింది. పెళ్ళయిపోయింది." మెట్టుకి మెట్టు, అన్నీ అయిపోయాయని చెప్పుకుంటూ వచ్చి, హైమవతి మంగళం అందుకుంది. శ్రుతి తప్పింది, మధ్యలో ఒక చరణం మరిచిపోయింది. హారతి పళ్ళెం తిరిగింది. అప్పుడు ముసలమ్మలు లేచారు.

మారిషస్ పెద్దలు మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు, పిలుపు మళ్ళీ రాలేదు. ఇమ్మానుయేలు సెలవు పెట్టి ఊరు దాటాడు. వీర్రాజుకు మాత్రం ఏ గంటా మోగలేదు, మోగడానికి ఉండాలి కదా. మోతాదుకు తాళం వేయించి, హాల్లో తీసిన వీడియోలో విల్లు ఎత్తిన ముక్క దాకా కత్తిరించి, ప్రకటన చేయించాడు. జనం వరసలు కట్టారు. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదన్నట్టు, బిళ్ళలోంచి వస్తేగాని వాళ్ళకది ఇంగ్లీషు కాదు. హైమవతి మేడ ముందు నిలబడి వచ్చిన ప్రతివాడికీ ఏం జరిగిందో చెప్పింది. "మేడం, వియ్ ఆర్ హేవింగ్ ఇంటర్వ్యూ" అని పక్కనుంచి తప్పుకుపోయారు. ఆమెకు దిద్దాలని కూడా అనిపించలేదు.

అరుంధతి గంట మళ్ళీ కొట్టలేదు. ఆ గంట ఇప్పుడు హైమవతి. "తిన్నావు, చాలు." అరుంధతి కంచం ముందు నుంచి లేస్తుంది. "కడిగావు." కుళాయి కట్టేస్తుంది. "జడ అయిపోయింది." రిబ్బను కట్టించుకుంటుంది. విసుగు పుట్టినప్పుడు హైమవతి వెనకటి గొంతుతోనే, "మందమతీ, స్నానం ఎప్పుడో అయింది" అని కసురుతుంది, ఆ వెంటనే తువ్వాలు తెచ్చి తల తుడుస్తుంది. ఇక రాని టిక్కెట్టు సంగతి చెప్పినా అరుంధతికి ఎక్కలేదు. "ఐ యామ్ ఫ్లయింగ్ టు మారిషస్" అంటుంది కిటికీ దగ్గర నిలబడి. ఆ వాక్యంలో దిద్దడానికి ఏమీ ఉండదు.

ఒక్క సంగతి మాత్రం హైమవతి ఇంకా ముగించలేకపోయింది. దీపాలు పెట్టే వేళకు అరుంధతి వెనక గది గుమ్మంలో నిలబడుతుంది. మొదట్లో హైమవతి ఆమె చెయ్యి పట్టుకుని, "నాన్న పోయారు అరూ" అని చెప్పింది. అప్పుడే పోయినట్టు అరుంధతి నేల మీద పడి ఏడ్చింది. రెండోరోజు మళ్ళీ చెప్పింది. మళ్ళీ అదే ఏడుపు, అప్పుడే తండ్రి పోయిన కూతురి ఏడుపు. ఎన్ని సాయంత్రాలు చెప్పినా, మర్నాటికి ఆయన మళ్ళీ దగ్గుతూనే ఉండేవాడు.

ఒక సాయంత్రం మళ్ళీ గుమ్మంలో నిలబడి, "నాన్న ఈజ్ కాఫింగ్ అక్కా" అంది.

హైమవతి వంటింట్లోకి వెళ్ళి గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు పోసింది. చెల్లెల్ని దాటుకుని గదిలోకి వెళ్ళి, మంచం అంచున, దుప్పటి నలగకుండా కూర్చుంది. ఆయన ఉన్న రోజుల్లో ఆ గదిలోకి ఎన్నిసార్లు నీళ్ళు తెచ్చిందో లెక్కపెట్టుకోవాలనుకుంది, లెక్కకు రాలేదు.

"వాట్ ఆర్ యు డూయింగ్ అక్కా?" గుమ్మంలోంచి అరుంధతి అడిగింది.

"ఐ యామ్ గివింగ్ హిమ్ వాటర్" అంది హైమవతి.

అరుంధతి తృప్తిగా తలూపి, హాల్లోకి వెళ్ళి దీపం దగ్గర కూర్చుంది. యామ్ ఉంది, తోకకు ఇంగ్ ఉంది, గివ్ చివర ఈ కూడా పోయింది. గ్లాసులో నీళ్ళు చల్లారేదాకా హైమవతి అక్కడే కూర్చుని ఉంది.